నాయనమ్మ చూడనంది

"సోమవారం నుంచి అమ్మ ఉంటుందిలే, ఆ బెంగేం లేదు" అన్నాడు జయకృష్ణ ఫోన్లో ఎవరితోనో.

సీతారావమ్మ అప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చుని, నెయ్యి వేసి మెదిపిన ఇడ్లీని మనవరాలి నోట్లో పెడుతోంది. కొడుకు చెప్పే అమ్మ తనేనని తెలియడానికి ఆవిడకి కాస్త సేపు పట్టింది. శ్రీదుర్గ నోరు తెరుచుకుని ఎదురు చూస్తూనే ఉంది.

"ఎవరుంటారంటున్నావ్?" అంది, అతను ఫోన్ పెట్టేశాక.

"నువ్వేనమ్మా. మనోజ్ఞ సెలవు అయిపోయిందిగా. సోమవారం ఇబ్రహీంపట్నం బ్రాంచిలో జాయినవ్వాలి. షెడ్డు ఎలాగూ ఆ టైర్ల వాళ్ళు అద్దెకి అడుగుతున్నారు. ఇచ్చేసి హాయిగా ఇంట్లో ఉండు. పాపతో నీకూ కాలక్షేపం."

ఆటోనగర్లో ఆ షెడ్డు భర్త వెంకటకృష్ణారావు పెట్టింది. బస్సులకీ లారీలకీ సీట్లు కట్టే పని. ఆయనతోపాటే అదీ పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. ఇప్పుడు కంకిపాడు అవతల ఒక స్కూలు వాళ్ళ బస్సులు రెండు షెడ్డు ముందు సీట్లు ఊడదీసి నిలబెట్టి ఉన్నాయి. స్కూళ్ళు తెరిచేలోగా అప్పగిస్తానని ఆవిడ మాటిచ్చింది.

"నేను చూడను" అంది సీతారావమ్మ.

"ఏంటి?"

"పొద్దున నీళ్ళు పోస్తాను, సాయంత్రం తిప్పుతాను, రాత్రి నా పక్కలో పడుకోబెట్టుకుంటాను. పగలు చూడను. పగలు నాకు పనుంది."

జయకృష్ణ నవ్వబోయి ఆగాడు. "పనా? ఎవరు చెయ్యమన్నారమ్మా నిన్నా పని? మా ఆఫీసులో ఎవడైనా మీ అమ్మగారేం చేస్తారంటే..." అని, మిగతాది మింగేశాడు.

"సీట్లు కుడుతుందని చెప్పు."

సింకు దగ్గర మనోజ్ఞ పాలసీసా కడుగుతోంది. అత్తగారి వైపు ఒకసారి తిరిగి చూసింది. మళ్ళీ తిరిగి పంపు ఇంకా పెద్దగా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు సీతారావమ్మకి తిట్టినట్టే వినపడింది.

"చూడనన్నాను గానీ గాలికొదిలేస్తానన్లేదు. పగలు దాన్ని చూసే మంచి ఇల్లు వెతికిపెట్టే పూచీ నాది. ఆదివారం లోపల" అని పిల్ల మూతి తుడిచి, కోడలి చేతికిచ్చి, చెప్పులేసుకుంది.

షెడ్డులో పుల్లయ్య అప్పటికే రెక్సిన్ చాప పరిచి సుద్దతో గీతలు కొడుతున్నాడు. పామర్రులో ఆవిడ పుట్టింటికి నాలుగిళ్ళ అవతల మనిషి. వెంకటకృష్ణారావు ఉన్నప్పటి నుంచీ ఆ షెడ్డులో కత్తెర అతని చేతిలోనే ఉంది. సీతారావమ్మ మిషను ముందు కూర్చుని, పైపింగు పట్టీని రెండు రెక్సిన్ అంచుల మధ్యకి దూర్చి, మోకాలి మీట వదిలి మిషను పాదాన్ని రెక్సిన్ మీదకి దించింది. మోటారు అందుకుంది. మూల తిరిగేచోట సూది కిందకి దింపి ఉంచి, గుడ్డని దాని చుట్టూ తిప్పి, మళ్ళీ పోనిచ్చింది. ఒక కవరు అయ్యేదాకా తల ఎత్తలేదు.

"పుల్లయ్యా, మీ అమ్మాయి క్రిస్టినా కూతుర్ని ఎవరి దగ్గరో వదిలేవాళ్ళు కదూ?"

"మార్తమ్మ దగ్గరమ్మగారూ. యనమలకుదురులో, కాలవ గట్టు దిగంగానే. ఎందుకు?"

"మా దుర్గకి."

పుల్లయ్య కత్తెర ఆపాడు. "పాపతో మీరే ఇంట్లో కూకుంటారని చెప్పుకుంటన్నారే. షెడ్డు తీసేస్తన్నారంట కదా!"

"ఎవరు చెప్పుకుంటున్నారు?"

"టైర్ల కొట్టోళ్ళు."

సీతారావమ్మ కుట్టిన కవరుని తిరగేసి, అంచులు బొటనవేలితో నొక్కుతూ, "వాళ్ళని వేరే షెడ్డు చూసుకోమను" అంది.

మర్నాడు పొద్దున మనోజ్ఞని కూడా రమ్మంది. కోడలు పిల్ల బట్టలు మడతపెడుతూ, "మీరు చూసి రండి అత్తయ్యా. మీకు నచ్చితే నాకు నచ్చినట్టే" అంది. ఆ మాటలో పుల్లవిరుపు ఉందేమోనని సీతారావమ్మ వెతికింది. తేల్చుకోలేకపోయింది. పిల్లని చంకనేసుకుని ఒక్కతే బయల్దేరింది.

ముందు వెళ్ళింది అపార్టుమెంటులో అందరూ చెప్పిన ఇంటికి. కానూరులో రెండో అంతస్తు, రామతులసి గారిల్లు. గచ్చు అద్దంలా ఉంది. గోడకి పెద్ద టీవీ, దాని ముందు చాప మీద పిల్లలు బడిలో లాగా వరసగా కూర్చున్నారు. ఒక్కరూ అల్లరి చెయ్యడం లేదు. రామతులసి మర్యాదగల మనిషి. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తన ఫోన్ తీసి చూపించింది. ఆ గది మొత్తం ఆ ఫోన్లో కనపడుతోంది.

"మీకూ ఇది పెట్టేస్తానండీ. మీరు షాపులో కూర్చుని ఎప్పుడంటే అప్పుడు పాపని చూసుకోవచ్చు. మా దగ్గర పిల్లలసలు ఏడవరు."

ఆ మాట అంటుండగానే ఒక పిల్లాడు చాప మీంచి లేచి వచ్చి సీతారావమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. ఏడవడం లేదు, అడగడం లేదు, ఊరికే పట్టుకున్నాడు. రామతులసి మాట ఆపకుండానే వంగి, గుడ్డకంటుకున్న పల్లేరుకాయలు ఏరినట్టు వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, భుజం పట్టి టీవీ వైపు తిప్పింది. వాడి మొహంలోకి చూడలేదు. వాడు నడిచి వెళ్ళి, లేచిన చోటనే కూర్చున్నాడు.

"మీరొక్కరే చూస్తారా అందర్నీ?" అంది సీతారావమ్మ.

"పనమ్మాయి వస్తుందండీ. ఇవాళే రాలేదు." ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలున్నాయి. చెడ్డ మనిషేం కాదనిపించింది. మోయగలిగినదానికన్నా ఎక్కువ ఎత్తుకున్న మనిషి. సీతారావమ్మ నీళ్ళు తాగి, మళ్ళీ చెబుతానని లేచింది. మెట్లు దిగుతుంటే చీర కుచ్చిళ్ళు ఇంకా ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

ఇంకొకచోట, నడక వచ్చిన పిల్లల్నే తీసుకుంటామన్నారు. మరొక ఇంట్లో ఒక పెద్దావిడ సీతారావమ్మని కిందికీ పైకీ చూసి, "ఇంట్లో మీరుండగా పిల్లని పరాయిళ్ళలో వదలడమేంటండీ, ఓపిక లేకనా, ఆరోగ్యం లేకనా?" అంది.

"పని ఉండి" అంది సీతారావమ్మ.

"ఈ వయసులో మనకేం పనులండీ?"

దానికి సమాధానం చెప్పడం దండగని పిల్లని భుజం మార్చుకుని ఆటో ఎక్కింది. ఎండకి దుర్గ చెంపలు కందిపోయాయి. ఆ రోజంతా షెడ్డు మొహం చూడలేదు. సాయంత్రం పుల్లయ్య ఫోన్ చేసి, స్కూలు మేనేజరు వచ్చి బస్సుల్లోకి తొంగిచూసి వెళ్ళాడని చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా కుట్టి, పాపని తీసుకుని యనమలకుదురు వెళ్ళింది. బందరు కాలవ గట్టు దిగాక సందు. సందు మలుపులోనే పిల్లల రొద వినపడింది. మార్త ఇల్లు రెండు గదులు, ముందు రేకుల వసారా. వసారాకి నడుమెత్తున చెక్క తలుపు, దానికి పిల్లలకి అందకుండా బయటవైపు గొళ్ళెం.

మార్త కింద కూర్చుని గోంగూర వలుస్తోంది. పక్కన ఇద్దరు పిల్లలు, వాళ్ళ ముందూ ఒక కట్ట. ఆకులు కింద పడేసి కాడలు గిన్నెలో వేస్తున్నారు. ఆవిడ ఆ గిన్నెలోంచి కాడలు ఏరి పారేసి, కింద పడ్డ ఆకుల్ని ఏరుకుంటోంది. ఇంకో పిల్ల ఆవిడ వీపుకి ఆనుకుని ఏడుస్తోంది. ఆవిడ ఏడవొద్దనడం లేదు. వీపుతో అటూ ఇటూ కొంచెం ఊగుతోందంతే.

"పుల్లయ్య పంపాడమ్మా" అంది సీతారావమ్మ.

మార్త లేచి గొళ్ళెం తీసింది. యాభై దాటిన మనిషి, బలమైన ముంజేతులు. ముందు పాపని చూసింది గానీ చేతులు చాచలేదు. "కూకోండమ్మగారూ. పాపని కింద దింపండి, అదే చూసుకుంటది."

దుర్గ కాసేపు నాయనమ్మ మోకాలు పట్టుకుని నిలబడింది. తర్వాత గోంగూర దగ్గరికి పాకింది. ఒక ఆకు నోట్లో పెట్టుకుంది. పులుపుకి మొహం ముడుచుకుని, మళ్ళీ ఇంకోటి తీసుకుంది.

"ఎంతమందిని చూస్తావు?"

"మీ పాపతో నలుగురు. అయిదో బిడ్డకి నా దగ్గర చెయ్యి లేదండి. అన్నం మేం వండుకునేదే. మీరు బాక్సు పంపితే పంపండి, కాకపోతే ఒక బిడ్డకి విడిగా పెట్టి, పక్క బిడ్డలు చూస్తా ఉంటే నేను ఊరుకోలేను. అందరికీ కలిపేస్తా. ముందే చెబుతున్నా, తర్వాత మాటొద్దు."

లోపల్నించి మార్త భర్త ఏసుపాదం టీ గ్లాసు తెచ్చి సీతారావమ్మ పక్కన అరుగు మీద పెట్టి, వెనక్కి వెళ్ళాడు. ఆవిడ తాగుతుందా లేదా అన్నది చూడకుండా ఉండడానికి అన్నట్టు మార్త గోంగూర మీదకి వంగింది. సీతారావమ్మ గ్లాసు తీసి తాగింది. తాగి, "అల్లం బాగా పడింది" అంది.

"వాళ్ళమ్మ రాలేదేంటండీ?"

"నన్ను చూసి రమ్మంది. సోమవారం నుంచి బ్యాంకు."

"నాన్న?"

"వాడికి కంప్యూటరు పని. సోమ, మంగళ, బుధ ఇంట్లోంచే చేస్తాడు. తలుపేసుకుని."

మార్త చేతులు ఆగాయి. "ఇంట్లోనే ఉంటాడా? అయితే మంచిదే. మొదటి మూడు రోజులు ఆయన్ని పంపండి. బిడ్డతో పాటు ఇక్కడ కూకోవాలి. మొదటిరోజు సాయంత్రం దాకా, రెండోరోజు ఒక పూట, మూడోరోజు కాసేపు. ఆ తర్వాత నేను చూసుకుంటా."

"నేనొచ్చి కూర్చుంటానులే" అంది సీతారావమ్మ. బస్సులు గుర్తొచ్చినా, ఆ మాట తనంతట తనే నోట్లోంచి వచ్చేసింది.

"మీరొద్దండి."

"ఏం?"

"మీ దగ్గర బిడ్డ ఎట్టాగూ ఉంటది." మార్త వీపు మీది పిల్లని ముందుకి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "నిరుడు దాకా ఒక బాబుని చూశానండి. రోజూ వాళ్ళమ్మే దింపి, వాళ్ళమ్మే తీసుకుపోయేది. ఒకరోజు ఆమెకి జరమొచ్చి నాన్న వచ్చాడు. ఆ బాబు పోయి నా వెనక దాక్కున్నాడు. ఎంత పిలిచినా రాడు. ఆయన కొట్టే మనిషీ కాదు, తాగే మనిషీ కాదు. ఎప్పుడూ ఎత్తుకోలేదు, అంతే. ఇదిగో, ఈ తలుపు దగ్గరే నించుని ఏడ్చాడండి, అంత మనిషి. నా గుమ్మంలో అట్టాంటిది మళ్ళా చూడలేను. అందుకని పెట్టుకున్నా ఈ పద్ధతి. ఒప్పుకున్నోళ్ళ బిడ్డనే తీసుకుంటా."

సీతారావమ్మకి కోపం వచ్చింది. వెతికి వెతికి వచ్చింది తను, ఎంచుకునేది తను అనుకుంది. ఇక్కడ ఎంచేది అవతలి మనిషిలా ఉంది. "వాడికి మీటింగులుంటాయమ్మా" అంది కొంచెం గట్టిగా.

"ఉంటాయండి" అంది మార్త, గోంగూర గిన్నె ఎత్తుకుంటూ.

ఆటోలో ఇంటికి వస్తూ ఆ కోపాన్ని నిలబెట్టుకోవాలని చూసింది. నిలవలేదు. రాత్రి పిల్ల ఏడిస్తే కొడుకు దిండు తీసుకుని హాల్లోకి పోతాడు. వాణ్ణి లేపకు, పొద్దున్నే పనుంది అని కోడలితో అనేది తనే. కోడలు పిల్లని భుజానేసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసేది, చప్పుడు కాకుండా. ఇప్పుడా తలుపు కళ్ళ ముందు నిలిచింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సంగతి చెప్పింది.

"కాలవ గట్టు కిందా?" అన్నాడు జయకృష్ణ. "ఎవరింట్లో అమ్మా అసలు? వాళ్ళు ఏం తింటారో, ఏం పెడతారో..."

"నేను టీ తాగిన ఇంట్లో. నువ్వు అనబోయేది నాకు తెలుసు. అనకు."

అతను అన్నంలో వేళ్ళు కదిపాడు. సీతారావమ్మ మార్త పెట్టిన షరతు కూడా చెప్పేసింది. కొడుకు తల ఎత్తి, తల్లిని, భార్యని మార్చి మార్చి చూశాడు. "జోకా ఏమన్నా? నేను పోయి ఆవిడెవరో ఇంట్లో వసారాలో కూర్చోవాలా? సోమవారం నాకు క్లయింటు కాల్ ఉంది. కానూరులో ఆ కెమెరాల ఆవిడ బాగుందిగా, అక్కడ పెట్టేద్దాం. లేకపోతే నువ్వే ఒక్క ఏడాది సర్దుకోమ్మా. ఏం పోయిందిప్పుడు?"

సీతారావమ్మ జవాబు చెప్పబోయింది. కానీ ముందు మాట్లాడింది మనోజ్ఞ.

"అత్తయ్య సర్దుకోరు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. పెరుగు గిన్నె మీద మూత పెట్టి, దాని మీద చెయ్యి ఉంచింది. "ఆ రోజు ఆవిడ చూడనన్నారే, నేను అప్పట్నుంచీ అదే తలుచుకుంటున్నాను. పిల్ల పుట్టి ఏడాది దాటింది. నేనొక్క పూట చూడను అని నా నోటికి ఒక్కసారి రాలేదు. ఆవిడ అంత తేలిగ్గా అనేస్తే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అందుకే పంపు తిప్పుకున్నాను."

సీతారావమ్మ ముద్ద చేతిలో పట్టుకుని కోడల్ని చూస్తూ ఉండిపోయింది.

"సోమవారం నువ్వు వెళ్ళు కృష్ణా" అంది మనోజ్ఞ భర్తతో. "కాల్ వాయిదా వేసుకో. నేను ఏడాది ఉద్యోగాన్ని వాయిదా వేసుకున్నాను. నువ్వు వెళ్ళనంటే ఇబ్రహీంపట్నం నేనూ వెళ్ళను. అప్పుడు ఇంటి లోనుకి ఏం చేస్తావో చూసుకో."

జయకృష్ణ తల్లి వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి కొత్తకాదు. చిన్నప్పుడు పలక పగలగొట్టినా, పెద్దయ్యాక బండి గుద్దినా అలాగే చూసేవాడు, ఎవరో ఒకరు తప్పిస్తారని. సీతారావమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది.

సోమవారం పొద్దున మనోజ్ఞ బస్సుకి వెళ్ళిపోయింది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూడలేదు. చూస్తే కదలలేనని ముందే చెప్పింది. జయకృష్ణ ల్యాప్‌టాప్ సంచి ఒక భుజానికి, పాప సంచి ఇంకో భుజానికి తగిలించుకుని, దుర్గని రెండు చేతులతో ముందుకి పట్టుకున్నాడు, పగిలిపోయే సామానులాగా. పాప కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి.

"నడుం మీద కూర్చోబెట్టుకో" అనబోయి సీతారావమ్మ నాలిక కరుచుకుంది. తాళాలు తీసుకుని ఆటోనగర్ వైపు నడిచింది.

మొదటి బస్సుకి కవర్లన్నీ అయ్యాయి. ఇక సీట్లకి తొడిగి బిగించాలి. స్పాంజి మీద కవరు తొడిగి, పుల్లయ్య మోకాలితో అదిమి పట్టుకుంటే, ఆవిడ రెక్సిన్ లాగి చెక్క అడుగున మేకులు కొడుతోంది. పదకొండు దాటాక ఫోన్ మోగింది.

"అమ్మా, ఒక్కసారి రా. ఒకటే ఏడుపు. నా దగ్గర ఉండట్లేదు. ఆవిడేమో ఎత్తుకోదు, మీరే చూడండంటుంది. ఇంకో గంటలో మీటింగుంది నాకు."

ఫోన్లో పిల్ల ఏడుపు తెరలు తెరలుగా వస్తోంది. సీతారావమ్మ సుత్తి కింద పెట్టింది. మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మీటింగుకి రావట్లేదని చెప్పు."

"ఎలా చెప్పనమ్మా?"

"మనోజ్ఞ ఎలా చెప్పిందో అలా చెప్పు. నేను రాను" అని పెట్టేసింది. పుల్లయ్య ఏమీ విననట్టు మేకులు ఏరుతున్నాడు.

మాట అయితే అన్నది గానీ మూడింటి దాకానే ఉండగలిగింది. దారం కొనుక్కొస్తానని పుల్లయ్యతో చెప్పి ఆటో ఎక్కింది. దారం కొట్టు దాటిపోయినా ఆటో ఆపమనలేదు. యనమలకుదురు సందులోకి తిరగ్గానే ఏడుపు వినపడింది. నలుగురు పిల్లల రొదలోనూ ఆ గొంతు ఆవిడకి విడిగా తెలిసింది. గబగబా నడిచి చెక్క తలుపు మీద చెయ్యి వేసింది.

మార్త లోపల్నించి వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. గొళ్ళెం తియ్యలేదు.

"మీరు రావొద్దమ్మగారూ."

"ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తాను. ఏడుపాపుతాను, అంతే."

"మీరెత్తుకుంటే ఆపుద్ది. ఎరుగుదును. పొద్దుటి నుంచి ఆయన పడిందంతా పోద్ది." మార్త గొంతు తగ్గించింది. "మధ్యలో ఒకసారి ఆయన దగ్గరే కునుకు తీసిందండి. మళ్ళా లేచింది. వెళ్ళండమ్మా, మిమ్మల్ని చూసిందంటే ఇక ఆయన దగ్గరికి పోదు."

"నేను దాని నాయనమ్మని, మార్తా."

"మీరే కదండీ పగలు చూడనన్నది, మీ అబ్బాయి చెప్పాడు" అంది మార్త. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

సీతారావమ్మ చెయ్యి తలుపు మీదే ఉంది. మార్త భుజం పక్కనుంచి వసారా కనపడుతోంది. కొడుకు ఇటు వీపు పెట్టి కింద కూర్చున్నాడు. చొక్కా బయటికి వచ్చి, చెమటకి వీపుకి అతుక్కుపోయింది. ల్యాప్‌టాప్ సంచి జిప్పు తియ్యకుండా గోడకి ఆనించి ఉంది. దుర్గ అతని ఒళ్ళో విల్లులా వెనక్కి విరుచుకుని ఏడుస్తోంది. అతను దాన్ని కింద దించడం లేదు, ఎవరికీ ఇవ్వడం లేదు. "అమ్మ బస్సులో వస్తుంది. పేద్ద బస్సు. ఎర్ర బస్సు. కండక్టరు రైట్ రైట్ అంటాడు. అమ్మ దిగుతుంది..." అని, అయిపోగానే మళ్ళీ మొదటినుంచి చెబుతున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసింది. గట్టెక్కే దాకా ఏడుపు వెంటే వచ్చింది. ఆ తర్వాత అది ఆగిందో, రోడ్డు మీది హారన్లలో కలిసిపోయిందో తెలియలేదు. ఆగి వినాలనిపించింది. ఆగలేదు.

షెడ్డుకి వచ్చి రెండో బస్సు కవర్లు మొదలుపెట్టింది. చేతులు ఎందుకో తేలిగ్గా, పనికిరానివిగా అనిపించాయి. కాసేపటికి పుల్లయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "పైపింగు తిరగబడిందమ్మగారూ."

చూసుకుంది. నిజమే. కుట్టంతా విప్పింది, పోగు పోగే లాగి. అంచులు సరిచేసి, సూది దింపి, మళ్ళీ కుట్టింది. ఈసారి మూల దగ్గర కూడా గీత తప్పలేదు. వెలుగు ఉన్నంతసేపూ లేవలేదు.

సాయంత్రం అపార్టుమెంటు గేటు దగ్గర మనోజ్ఞ ఎదురైంది. బస్సు దిగి పరుగున వచ్చినట్టుంది, మొహమంతా చెమట. "ఫోన్ చేశారా అత్తయ్యా? నేను చెయ్యలేదు. వంద సార్లు తీసి పెట్టేశాను."

"వెళ్ళాను" అంది సీతారావమ్మ. "రానివ్వలేదు."

మనోజ్ఞ ఆగి అత్తగారి మొహం చూసింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మెట్ల వైపు నడిపించింది.

తలుపు తీసే ఉంది. జయకృష్ణ హాల్లో అటూ ఇటూ నడుస్తున్నాడు. దుర్గ అతని భుజం మీద బోర్లా పడి నిద్రపోతోంది, నోరు తెరుచుకుని. చొంగతో చొక్కా తడిసిపోయింది. పాప చేతి వేళ్ళు అతని కాలరు లోపలికి దూరి ఉన్నాయి. వీళ్ళని చూసి కూడా అతను నడక ఆపలేదు.

మనోజ్ఞ చేతులు చాచింది. ఇటుపక్క నుంచి సీతారావమ్మా చాచింది.

జయకృష్ణ పిల్లని అవతలి వైపుకి తిప్పుకున్నాడు. "వద్దు వద్దు, లేస్తుంది" అన్నాడు గుసగుసగా. "ఇప్పుడే పడుకుంది. మీరు కాళ్ళు కడుక్కోండి. రేపు తొమ్మిదికల్లా రమ్మన్నారు మార్తమ్మగారు." గోడ దాకా వెళ్ళి, నెమ్మదిగా తిరిగి, మళ్ళీ నడిచాడు.

అత్తాకోడళ్ళిద్దరూ చాచిన చేతులతో కాసేపు అలాగే నిలబడ్డారు. ముందు నవ్వొచ్చింది మనోజ్ఞకి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. సీతారావమ్మ చేతులు దించుకుని, చప్పుడు కాకుండా చెప్పులు విడిచింది.